రేగడి నేల – ఇంటి పునాది

పాఠ్యభాగ నేపథ్యం

కట్టడం ఎంత ఘనమైనదైనా దాని బరువు చివరకు నేలమీదనే మోపాలి. ఆ నేల మోయగలదో లేదో నిర్ణయించే శాస్త్రం మృత్తికా యాంత్రిక శాస్త్రం. దీనినే సాయిల్ మెకానిక్స్ అంటారు. శిలల బలాబలాలను విచారించేది శిలా యాంత్రిక శాస్త్రం. ఈ రెండింటి ఆధారంగా పునాదులు, కాలువలు, ఆనకట్టలు, సొరంగాలు రూపొందించే ఇంజనీరింగు శాఖకు జియోటెక్నికల్ ఇంజనీరింగు అని పేరు. పత్తికి, మిరపకు ప్రసిద్ధి పొందిన గుంటూరు, ప్రకాశం మండలాల నల్లరేగడి నేలల విషయంలో ఈ శాస్త్రం చేసిన కృషిని తెలుపుతుంది ఈ పాఠం.

పాఠ్యభాగం

గుంటూరు నగరంలో రైలుమార్గానికి ఒకవైపు బ్రాడీపేట, మరొకవైపు అరండల్‌పేట ఉన్నాయి. ఆంగ్లేయుల పరిపాలనాకాలపు పేర్లు ఈ పేటలకు నేటికీ నిలిచి ఉన్నాయి. బ్రాడీపేటలో వీధులను పేర్లతో కన్న అంకెలతోనే గుర్తిస్తారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని రాస్తే చాలు, ఉత్తరం చేరవలసిన గుమ్మానికి చేరుతుంది. వైద్యశాలలు, పుస్తకాల దుకాణాలు, విద్యార్థుల వసతిగృహాలు, పాత డాబాలను తొలగించి లేపిన అపార్టుమెంట్లు – ఈ పేట స్వరూపం ఇది. గుంటూరు పరిసరాల్లోని పాత ఒంటి అంతస్తు ఇళ్ల గోడలను నిదానించి చూచేవారికి ఒక విషయం గోచరిస్తుంది. కిటికీ మూల నుండి ఏటవాలుగా పైకప్పు వైపు పాకిన పగులు. దానిని సిమెంటుతో పూడ్చిన మచ్చ. ఆ మచ్చను చీల్చుకొని మళ్లీ తెరచుకొన్న సన్నని నోరు.

అటువంటి ఇంటి యజమాని ఒకరు వేసవి చివర మేస్త్రిని పిలిపించాడనుకొందాం.

“ఏం మేస్త్రీ, పోయినేడేగా ఈ పగులు పూడ్చింది. మళ్లీ వచ్చిందే!”

“గోడ తప్పేముందండీ, కింద ఉన్నది రేగడి. వానకు పొంగుద్ది, ఎండకు కుంగుద్ది. నేను పూడ్చేది గోడనండీ, నేలను కాదుగా!”

చదువుల మాట లేకుండా మేస్త్రి చెప్పిన ఈ రెండు వాక్యాలే విశ్వవిద్యాలయాల్లో వందల కొలది పరిశోధనలకు విషయమయ్యాయి. నేల ఎంత పొంగుతుంది? ఎంత బలంతో పొంగుతుంది? ఎంత లోతువరకు పొంగుతుంది? దానిని ఆపడం ఎట్లా? ఆపలేకపోతే దానితో సర్దుకొని ఇల్లు కట్టడం ఎట్లా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకకపోతే, ఉద్యోగ విరమణ సమయంలో చేతికి వచ్చిన సొమ్మంతా పెట్టి ఇల్లు కట్టుకొన్న సామాన్య గృహస్థు బతుకే పగులుబారుతుంది.

రేగడి అన్నది అచ్చమైన తెలుగుమాట. ఆంగ్ల భూగోళ గ్రంథాల్లో ఈ నేలలను ‘రెగర్’ అని పేర్కొనడానికి మూలం మన రేగడే. భారత భూభాగంలో దాదాపు ఆరో వంతు ఈ జాతి నేలలున్నాయి. దక్కను పీఠభూమిలోని నల్లరేగళ్లలో అధికభాగం బసాల్టు శిలలు యుగాల తరబడి శిథిలం కాగా ఏర్పడినవి. పత్తి చక్కగా పండుతుంది కాబట్టి వీటికి నల్లపత్తి నేలలు అనే వ్యవహారమూ కలిగింది. వేసవిలో ఈ పొలాల్లో నడిచినవారికి నెర్రెలు పరిచితమే. చెయ్యి దూరేటంత వెడల్పున, కర్ర దింపినా అడుగు అందనంత లోతున నేల నోళ్లు తెరచి ఉంటుంది. తొలకరి పడగానే ఆ నోళ్లు మూసుకొంటాయి. మట్టి ఉబ్బి, జిగటై, బండి చక్రాన్ని కదలనీయదు. రైతుకు ఇది వరం. పైన కురిసిన నీటిని మాసాల తరబడి దాచుకొని వేరుకు అందించే గుణం ఇందులోనే ఉంది. ఇల్లు కట్టుకొనేవాడికి మాత్రం ఆ గుణమే శత్రువు.

ఈ గుణానికి కారణం మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం. ఫ్రాన్సు దేశంలోని మాంట్‌మొరిల్లాన్ అనే ఊరి పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. ఈ ఖనిజం సన్నని పలకల దొంతర. ఒక్కొక్క పలక మందం మిల్లీమీటరులో పదిలక్షల వంతు మాత్రమే. రెండు సిలికా పొరల నడుమ ఒక అల్యూమినా పొరను ఇరికించినట్లు ప్రతి పలకా నిర్మితమై ఉంటుంది. పలకకూ పలకకూ మధ్య ఉన్న బంధం బలహీనమైనది. అందువల్ల నీరు తేలికగా ఆ సందుల్లోకి చొరబడి పలకలను దూరం చేస్తుంది. పుస్తకం పుటల మధ్య తడి చేరితే పుస్తకం ఉబ్బినట్లే ఇదీను. ఈ ఖనిజం ఒక్క గ్రాములోని పలకల ఉపరితలాలన్నీ పరిస్తే సుమారు 800 చదరపు మీటర్ల వరకు వస్తాయి. పింగాణి పాత్రల తయారీకి వాడే కయొలినైట్ మట్టిలో అది 10 నుంచి 20 చదరపు మీటర్లే. నీరు అంటుకొనే చోటు ఎక్కువైనకొద్దీ ఉబ్బూ ఎక్కువే.

ఒక మట్టి ఎంతగా ఉబ్బే స్వభావం కలదో తెలుసుకోవడానికి భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన పరీక్ష ఒకటి ఉంది. ఇంత సులభమైన పరీక్ష ఇంజనీరింగు శాస్త్రంలో మరొకటి అరుదు. మట్టిని బాగా ఆరబెట్టి, జల్లించి, పదేసి గ్రాముల చొప్పున రెండు భాగాలు తీసుకొంటారు. గీతలున్న రెండు గాజు జాడీలలో ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి మట్టిని వదులుతారు. ఒక రోజు గడచిన తరువాత చూస్తే కిరోసిన్‌లోని మట్టి ఉన్నంతే ఉంటుంది. నీటిలోనిది ఉబ్బి పైకి లేస్తుంది. రెండింటి మధ్య తేడాను శాతంగా లెక్కిస్తారు. నీటి అణువుకు ఒక కొసన ధన లక్షణం, మరొక కొసన ఋణ లక్షణం ఉన్నందున అది మట్టి పలకను అంటిపెట్టుకొంటుంది. కిరోసిన్‌కు ఆ లక్షణం లేదు. ఈ శాతం 50కి లోపు ఉంటే భయం తక్కువ. 100 దాటితే పునాది విషయంలో ప్రత్యేక శ్రద్ధ తప్పదు. రేగడి నమూనాలు ఈ హద్దును దాటడం పరిశోధనశాలల్లో సర్వసాధారణం.

మట్టి స్వభావం దానిలోని నీటి పాలును బట్టి మారుతుందని రైతుకు తెలియనిది కాదు. ‘పదును’ అనే మాట తెలుగు సేద్యంలో ఎంత సూక్ష్మమైన అర్థాన్ని మోస్తున్నదో గమనించదగినది. పిడికిట పట్టిన మట్టి ముద్ద కట్టాలి గాని చేతికి అంటరాదు; అప్పుడే అరక కట్టాలి. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ 1911 ప్రాంతంలో చేసినదీ ఇటువంటి పరిశీలనమే. మట్టి ద్రవంలా జారిపోయే హద్దు, మెత్తగా మలచడానికి వీలయ్యే హద్దు, ఇక కుంచించుకొనకుండా నిలిచిపోయే హద్దు అని నీటి శాతాన్ని అనుసరించి ఆయన సరిహద్దులు గీశాడు. తడిమట్టిని గాజు పలక మీద అరచేతితో దొర్లించి మూడు మిల్లీమీటర్ల దారంగా చేసినప్పుడు అది తునకలు కావడం మొదలైతే ఆ నీటి శాతమే రెండో హద్దు. నేటికీ సివిల్ ఇంజనీరింగు విద్యార్థులు ఈ దారాలను పేనుతూనే ఉన్నారు. యంత్రాలెన్ని వచ్చినా ఈ పరీక్షలో అరచేతి స్పర్శకు ప్రత్యామ్నాయం సులభంగా కుదరలేదు.

మృత్తికా శాస్త్రానికి పితామహుడుగా కార్ల్ టెర్జాగీని పేర్కొంటారు. 1883లో ప్రేగ్ నగరంలో జన్మించిన ఈయన ఇస్తాంబుల్‌లో అధ్యాపకుడుగా ఉన్న కాలంలో చేతికందిన సామగ్రితో పరికరాలు కూర్చుకొని బంకమట్టిపై ప్రయోగాలు చేశాడు. 1925లో ఆయన జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథంతో ఈ శాస్త్రానికి నిలకడైన రూపం ఏర్పడింది. మట్టిపై పడిన బరువును రేణువులూ, వాటి నడుమనున్న నీరూ పంచుకొంటాయి. నీరు మోసే పాలును తీసివేయగా మిగిలినదే మట్టి బలాన్ని నిర్ణయిస్తుంది. టెర్జాగీ సూత్రం సారాంశం ఇంతే. చెప్పడానికి చిన్నదిగా కనిపించే ఈ మాట తెలియని కాలంలో ఎన్నో గట్లు వానాకాలంలో అకారణంగా జారినట్లు కనిపించేవి.

ఇక రేగడి పొంగు బలం సంగతి. ఇనుప కంకణంలో బిగించిన మట్టి బిళ్లకు నీరు తగిలించి, అది పైకి లేవకుండా పట్టి ఉంచడానికి ఎంత బరువు కావాలో కొలుస్తారు. అదే దాని ఉబ్బు పీడనం. రేగడి నేలల్లో ఇది చదరపు మీటరుకు 10, 20 టన్నులు ఉండటం వింత కాదు. అంతకు మించినవీ ఉన్నాయి. ఒంటి అంతస్తు ఇటుక ఇంటి గోడ తన పునాది మీద మోపే బరువు చదరపు మీటరుకు సుమారు మూడు, నాలుగు టన్నులు. అనగా పైనుండి దిగే బరువు కన్న కిందినుండి లేచే తోపు అధికం. కనుకనే రేగడిలో బరువైన కట్టడం కన్న తేలికైన కట్టడానికే అపాయం ఎక్కువ. అయిదారు అంతస్తుల భవనం తన బరువుతో నేలను అణచి ఉంచగలదు. దాని పక్కనే ఉన్న చిన్న డాబా, ప్రహరీగోడ, స్నానాలగది, సిమెంటు రోడ్డు పగులుతాయి. పేదవాడి ఇంటినే నేల ఎక్కువగా కదుపుతుందనడం అతిశయోక్తి కాదు, లెక్కకు నిలిచే మాట.

ఈ కదలిక ఇల్లంతటా సమంగా ఉంటే గోడకు హాని ఉండదు. సమంగా ఉండదు గనుకనే చిక్కు. ఇంటి నడుమ గచ్చు కింద ఉన్న మట్టికి ఎండ తగలదు. కింది తడి పైకి వచ్చి అక్కడే నిలిచిపోతుంది. అంచుల వద్ద మట్టి వేసవికి ఎండి కుంచించుకొంటుంది. నడుమ పొంగి, అంచులు కుంగి ఇల్లు బోర్లించిన చిప్ప ఆకారానికి వంగజూస్తుంది. అప్పుడు గోడలోని పగులు పైభాగాన వెడల్పుగా, కిందికి వచ్చేసరికి సన్నగా ఉంటుంది. దీనికి విరుద్ధంగా, వానాకాలంలో చూరు నీరు గోడ పక్కనే ఇంకి అంచులు పైకి లేస్తే పగులు కింద వెడల్పు, పైన సన్నం. పగులు ఆకారాన్ని చూచి నేల ఏ దిక్కున కదిలిందో చెప్పే నేర్పు అనుభవజ్ఞులైన ఇంజనీర్లకు ఉంటుంది; వైద్యుడు నాడి పట్టినట్లే. ఇంటి పక్కన పెరిగిన పెద్ద చెట్టు నేలలోని తడిని పీల్చి ఆ మూలను కుంగదీయవచ్చు. భూమిలోని కుళాయి గొట్టం కారి మరొక మూలను లేపవచ్చు. మేస్త్రి మీద నింద వేసే ముందు ఇవన్నీ చూడవలసినవే.

ప్రాచీనులు ఈ విషయాన్ని పట్టించుకోలేదని తలచడం పొరపాటు. ఆరో శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో ఇంటిస్థలాన్ని పరీక్షించే విధానం ఉన్నది. మూరెడు లోతు గొయ్యి తవ్వి, ఆ మట్టినే తిరిగి పూడ్చాలి. మట్టి మిగిలితే స్థలం ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. నేటి శాస్త్ర పరిభాషలో ఇది నేల సాంద్రతను తెలిపే పరీక్ష. దట్టంగా కూరుకొని ఉన్న మట్టిని తవ్వితే గుల్లబారి పరిమాణం పెరుగుతుంది. అది గొయ్యిలో పట్టక మిగులుతుంది. గొయ్యిని నీటితో నింపి, నూరడుగులు నడచి తిరిగి వచ్చేసరికి నీరు తగ్గకుండా ఉంటే ప్రశస్తమనే పరీక్షా అందులోనే ఉంది. అయితే ఇక్కడ ఒక మెలిక. తడిసి ఉబ్బిన రేగడిలో నీరు ఇంకదు కనుక ఆ నేల ఈ రెండో పరీక్షలో సులభంగా ఉత్తీర్ణమవుతుంది! పూర్వుల పరీక్షను గౌరవించడమంటే దాని పరిధిని గుర్తించడం కూడా.

రేగడికి విరుగుడు వెదకడంలో భారతీయ పరిశోధకుల పాత్ర చెప్పుకోదగినది. 1948లో మృత్తికా శాస్త్ర జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు దానినే భారతీయ జియోటెక్నికల్ సంఘం అంటున్నారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తు గల పునాది స్తంభాలను మన నేలలకు అనువుగా తీర్చిదిద్దింది. వీటిని అండర్‌రీమ్డ్ పైల్స్ అంటారు. వాన వల్ల, ఎండ వల్ల తడి మారే మండలం మన రేగళ్లలో సుమారు మూడున్నర మీటర్ల లోతువరకు ఉంటుంది. స్తంభాన్ని ఆ లోతుకు దింపి, అడుగున దాని వ్యాసానికి రెండున్నర రెట్ల వెడల్పున గుండ్రని బొడిపెను ఏర్పరుస్తారు. పైనేల పొంగి స్తంభాన్ని లాగబోతే కింది బొడిపె లంగరు వలె పట్టి ఉంచుతుంది. గోడలను మోసే దూలానికీ నేలకూ నడుమ కొంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోకి నేల పొంగుతుంది గాని దూలాన్ని తాకదు. తెలియక ఆ ఖాళీని మట్టితో కూరిన చోట ఈ పద్ధతి వల్ల ప్రయోజనం లేకపోయింది.

కాలువల సమస్య మరొక విధమైనది. 1967లో నాగార్జునసాగరు నుండి నీరు వదలిన తరువాత కుడి కాలువ ద్వారా గుంటూరు, ప్రకాశం మండలాల మెట్టభూములు తడిశాయి. ఇటువంటి కాలువలు రేగడిని చీల్చుకొని పోయే చోట, గట్లకు వేసిన సిమెంటు పలకలను అడుగుమట్టి లేపి పగులగొడుతుంది. బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి కర్ణాటకలోని మలప్రభ కాలువ సందర్భంలో ఈ విషయంపై దీర్ఘకాలం పరిశోధించాడు. అంతకు ముందు రేగడిని తవ్వి ఇసుక పోయడం వాడుకలో ఉండేది. ఇసుక నీటిని ఆపదు, పట్టి ఉంచదు; అడుగున ఉన్న రేగడికే అందిస్తుంది. కట్టి దానికి బదులు, జిగి ఉండీ ఉబ్బే గుణం లేని మట్టిని సుమారు ఒక మీటరు మందాన పరచి గట్టిపరిస్తే కింది రేగడి పొంగు బాగా అణగుతుందని ప్రయోగపూర్వకంగా చూపాడు. నేటికీ పునాది గుంటల్లో ఇసుక నింపితే రేగడి బెడద తీరిందని భావించేవారు కోస్తా జిల్లాల్లో తక్కువేమీ లేరు. పరిశోధన ఫలితం పల్లెకు చేరడానికి ఎంత కాలం పడుతుందో ఇందువల్ల తెలుస్తుంది.

తెలుగు నేలపై జరిగిన కృషిలో కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్య ఎ. శ్రీరామారావు, బి.ఆర్. ఫణికుమార్ ప్రభృతులు చేసిన పరిశోధనలు ముఖ్యమైనవి. నేలలో బావిలా రంధ్రం చేసి, అడుగున ఇనుప పలక, దానికి బిగించిన కడ్డీ నిలిపి, చుట్టూ కంకర, ఇసుక కూరి గట్టిపరుస్తారు. కడ్డీ పైకొనను పునాదికి కలుపుతారు. నేల ఉబ్బినప్పుడు పునాదిని పైకి తోయడమే గాక, కంకర స్తంభాన్ని పక్కలనుండి నొక్కుతుంది కూడా. నొక్కుడు పెరిగినకొద్దీ స్తంభం పట్టు బిగుస్తుంది. లేపే బలంతోనే నిలిపే బలాన్ని పుట్టించడం ఇందలి చమత్కారం. ఈ పద్ధతిపై వారు ఆచార్య ఎం.ఆర్. మాధవ్ వంటి వారితో కలిసి రాసిన వ్యాసం 2004లో అంతర్జాతీయ పత్రికలో వెలువడింది. అదే ఏట ఫణికుమార్, ఆర్.ఎస్. శర్మ ప్రచురించిన మరొక వ్యాసంలో, రేగడిలో 20 శాతం బొగ్గు బూడిద కలిపితే ఉబ్బు, ఉబ్బు పీడనం సుమారు సగానికి తగ్గినట్లు నిరూపించారు. ఇబ్రహీంపట్నం వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం నుండి గుట్టలుగా పేరుకొనే బూడిదకు ఇది చక్కని వినియోగం.

బూడిద కన్న పాతమందు సున్నం. మట్టి బరువులో 3 నుంచి 6 శాతం సున్నం కలిపితే సున్నంలోని కాల్షియం పలకల సందుల్లో ఉన్న సోడియాన్ని తొలగించి తాను స్థానం పొందుతుంది. జిగటమట్టి పలుకులు పలుకులుగా విడుతుంది. కాలక్రమాన సిమెంటు వలె గట్టిపడుతుంది. పల్నాటిలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన ఊరు. వ్యాధి గుంటూరులో ఉండగా ఔషధం నూరు కిలోమీటర్ల లోపే ఉన్నదన్నమాట. కాని సున్నాన్ని రోడ్డు పైపొరలో కలపడం సులభమే గాని, ఉన్న ఇంటి కింద మూడు మీటర్ల లోతున కలపడం దుష్కరం. ఊక బూడిద, క్వారీ దుమ్ము వంటి వ్యర్థాలతో ప్రయోగాలు చేయని ఇంజనీరింగు కళాశాల ఈ ప్రాంతంలో దాదాపు లేదనవచ్చు. 2009లో భారతీయ జియోటెక్నికల్ సదస్సు గుంటూరులోనే జరిగింది. రేగడి మీద చర్చించడానికి పండితులు రేగడి మీదికే వచ్చారు.

మట్టిని విడిచి రాతి దగ్గరకు వస్తే పగులు అనే మాటకే అర్థం మారుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గనుల్లో గెలాక్సీ గ్రానైటు పేరుతో ప్రపంచమంతటికీ ఎగుమతి అయ్యే నల్లరాయి విలువ, దానిలో పగుళ్లు లేకుండా ఎంత పెద్ద దిమ్మ దొరుకుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. సొరంగం తవ్వేవారూ దీనినే విచారిస్తారు. కొండలోనికి డ్రిల్లింగు చేసి తీసిన రాతికడ్డీలో పది సెంటీమీటర్లకు తక్కువ కాని ముక్కల పొడవును మాత్రమే కూడి, మొత్తం పొడవులో అది ఎంత శాతమో లెక్కిస్తారు. 90కి మించితే రాయి ఉత్తమం. 25కు తగ్గితే అతి బలహీనం. నల్లమల కొండలను తొలిచి కృష్ణాజలాలను ప్రకాశం జిల్లాకు తెచ్చే వెలిగొండ సొరంగాల తవ్వకం ఏళ్ల తరబడి సాగడానికి కారణాలలో కొండరాతి కాఠిన్యం ఒకటి. తెలంగాణలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం సుమారు 44 కిలోమీటర్లు సాగవలసినది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు నుండి తవ్విన భాగంలో, ముఖద్వారానికి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీరు, బురద ఒక్కసారిగా ముంచుకురాగా ఎనిమిది మంది లోపల చిక్కుకొన్నారు. వారిలో ఎవరూ ప్రాణాలతో బయటకు రాలేదు. పరిశోధనశాలలో రాతికడ్డీ ముక్కలను స్కేలుతో కొలిచే విద్యార్థి, తన లెక్క అటువంటి చోట నిలబడే మనుషులకు సంబంధించినదని ఎరిగి ఉండవలసిందే.

గుంటూరుకు సమీపంలోని అమరావతిలోనూ నేల సంగతి చర్చకు వచ్చింది. 2015లో రాజధానికి శంకుస్థాపన జరిగింది. సచివాలయ భవనాలకు పలక వలె పరచిన దళసరి కాంక్రీటు పునాదులు వేశారు. 2019 తరువాత పనులు నిలిచిపోగా ఆ పునాదులు ఏళ్లపాటు నీట మునిగి ఉన్నాయి. పనులు తిరిగి చేపట్టదలచినప్పుడు, 2024 ఆగస్టులో, వాటి పటుత్వాన్ని పరిశీలించడానికి మద్రాసు ఐఐటీ నిపుణులు వచ్చారు. వేల కోట్ల నిర్మాణానికి ఇంతటి పరీక్ష సహజం. చిన్న ఇంటికి మాత్రం, ఇంటి ఖర్చులో అత్యల్పమైన మొత్తంతో పోయే మట్టి పరీక్షను దండుగ ఖర్చుగా భావించి, గుమ్మాలకు చెక్కే లతలకు అంతకు ఎన్నో రెట్లు వెచ్చించేవారున్నారు. లోపం గృహస్థులదే అనలేము. ఈ పరిశోధనలన్నీ ఆంగ్లంలో, సిద్ధాంత గ్రంథాల రూపంలో గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నాయి. మేస్త్రి చేతికి అందే తెలుగులో వాటి సారం వచ్చినది స్వల్పం.

మట్టి పరీక్ష విధానం కన్నులారా చూడదగినది. స్థలంలో మూడు కాళ్ల గడమంచె నిలిపి బోరు దించుతారు. అరువది మూడున్నర కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుండి వదలుతూ గొట్టాన్ని నేలలోకి కొడతారు. మొదటి 15 సెంటీమీటర్లు దిగేవరకు పడ్డ దెబ్బలను వదలివేసి, తరువాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పట్టాయో ఒకడు బిగ్గరగా లెక్కపెడుతుంటే మరొకడు పుస్తకంలో రాస్తాడు. తక్కువ దెబ్బలకే దిగితే నేల మెత్తన, ఎక్కువ పడితే గట్టి. కదల్చని మట్టి నమూనాను పలుచని గొట్టంతో తీసి, తడి ఆరిపోకుండా రెండు కొనలనూ కరిగించిన మైనంతో మూసివేస్తారు. ఆ గొట్టం మీద స్థలం, తేదీ, లోతు రాసిన చీటీ అంటిస్తారు. నాలుగో లైనులోని ఆ ఇంటి యజమాని కొడుకు పాత ఇల్లు తీసి కొత్తది కట్టదలచి ఇటువంటి పరీక్ష చేయించాడనుకొంటే, ఆ చీటీ మీద ‘బ్రాడీపేట, రెండున్నర మీటర్లు’ అని ఉంటుంది. పరిశోధనశాలలో ఆ గొట్టం మైనం తొలగించిన నాడు, లోపలి మట్టిలో పది గ్రాములు నీటి జాడీలోకి, పది గ్రాములు కిరోసిన్ జాడీలోకి వెళతాయి.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నల్లరేగడి నేల రైతుకు మేలు, గృహస్థుకు కీడు చేయడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. రేగడి నేలల్లో పునాదుల రక్షణకు పరిశోధకులు కనుగొన్న పద్ధతులను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఉబ్బు స్వభావాన్ని తెలుసుకొనే పరీక్షలో కిరోసిన్‌ను ఎందుకు వాడతారు?
2. బరువైన భవనం కన్న చిన్న ఇంటికే రేగడి వల్ల అపాయం ఎక్కువ. ఎందుకు?
3. బృహత్సంహితలోని రెండు పరీక్షల్లో రేగడి విషయంలో పనికిరానిది ఏది?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్య రాయండి.
“నేను పూడ్చేది గోడనండీ, నేలను కాదుగా!”

ఈ) మీ ఊరిలో సేద్యానికి సంబంధించి మట్టిని, తడిని తెలిపే తెలుగు మాటలను పెద్దలను అడిగి సేకరించి, వాటిలో అయిదింటికి అర్థాలు రాయండి.